సియాటిల్ నారుమడి, పర్లాకిమిడి ఉదయాలు

అమెరికా పడమటి తీరాన రాత్రి ఏడు దాటి పది నిమిషాలకు ఆట మొదలయ్యేసరికి ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో మరునాటి ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు అవుతుంది. వేసవి నెలల్లో నేను ఆ వేళకు స్నానం ముగించి, వసారాలో కుర్చీ వేసుకుని, ఫోనులో సియాటిల్ మారినర్స్ బేస్‌బాల్ ఆట చూస్తాను. అయితే నా మనసంతా ఆ పెద్ద ఆట మీద ఉండదు. అంతకు రెండు గంటల ముందే, తెల్లవారుతూ ఉండగానే, ఆర్కాన్సా రాష్ట్రంలో ఆ క్లబ్బు పిల్లల ఆట మొదలై ఉంటుంది. తరువాత టకోమాలో ఒకటి, ఎవరెట్‌లో ఒకటి సాగుతూ ఉంటాయి. ఈ చిన్న జట్ల స్కోర్లను పొడుగు నోటుపుస్తకంలో రాసుకోవడం 2023 నుంచి నాకు అలవాటైంది. ఆ అలవాటు ఎలా వచ్చిందో, ఆ జట్లలో ఎదిగి వస్తున్న కుర్రవాళ్లు ఎవరో, వాళ్ల గురించి ఈ సరిహద్దు ఊళ్లో కూర్చుని నేను ఎందుకింత పట్టించుకుంటున్నానో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అమెరికా మేజర్ లీగ్‌లో 30 క్లబ్బులు ఉన్నాయి. ప్రతి క్లబ్బు కిందా నాలుగు మెట్లుగా నాలుగు అనుబంధ జట్లు ఉంటాయి. కింది నుంచి చెప్పుకుంటే సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. వీటన్నిటికంటే దిగువన డొమినికన్ రిపబ్లిక్‌లో లేత వయసు పిల్లల కోసం ఒక వేసవి లీగ్ నడుస్తుంది. అమెరికా పిల్లలు ఏటా జూలైలో క్లబ్బులు వంతులవారీగా కుర్రవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు ద్వారా వస్తారు. లాటిన్ అమెరికా దేశాల పిల్లలతో పదహారో ఏటనే ఒప్పందం రాయించుకుంటారు. ఈ పద్ధతికి దారి వేసినవాడు బ్రాంచ్ రికీ. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ క్లబ్బును నడిపిన ఆయన, డబ్బున్న క్లబ్బులతో పోటీపడి ఆటగాళ్లను కొనలేక, చిన్న ఊళ్ల జట్లను చేజిక్కించుకుని తన ఆటగాళ్లను తానే పెంచుకోవడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్లు దీన్ని ఫార్మ్ సిస్టమ్ అంటారు. నేను మాత్రం నారుమడి అంటాను. మా వైపు రైతు ఉభాలకు ముందు ఒక మూల చిన్న మడిలో విత్తనం చల్లి, నారు జానెడు ఎదిగాక తీసి పెద్ద పొలంలో నాటుతాడు. లేతగా పీకినా నిలవదు, ముదరనిచ్చినా పిలక వేయదు. క్లబ్బు నడిపేవాళ్ల తెలివి అంతా ఆ తీత రోజును పోల్చుకోవడంలోనే ఉన్నదని నాకు అనిపిస్తుంది.

2025 సీజన్ వరకు మారినర్స్ నారుమడి నాలుగు ఊళ్లలో ఉండేది. సింగిల్ ఏ జట్టు కాలిఫోర్నియాలోని మోడెస్టోలో. చుట్టూ బాదం, వాల్‌నట్ తోటలు ఉన్న ఆ ఊరు తన జట్టుకు నట్స్ అని పేరు పెట్టుకుంది. ఆ సంగతి తెలిసిన రోజున, మా పక్కనున్న పలాసకు ఒక జట్టు ఉండి దాని చొక్కాల మీద జీడిపప్పు బొమ్మ ఉంటే ఎంత బాగుండునో అని చాలాసేపు ఊహించుకున్నాను. హై ఏ జట్టు సియాటిల్‌కు ఉత్తరాన, బోయింగ్ పెద్ద విమానాలు తయారయ్యే ఎవరెట్‌లో. దాని పేరు ఆక్వాసాక్స్, దాని గుర్తు కప్ప. డబుల్ ఏ జట్టు ఆర్కాన్సా ట్రావెలర్స్. ట్రిపుల్ ఏ జట్టు టకోమా రెయినియర్స్. ఆ ఊరి నుంచి కనిపించే మంచుకొండ పేరే దానికి పెట్టారు. టకోమా నుంచి సియాటిల్‌కు కారులో గంట ప్రయాణం కూడా ఉండదు. మధ్యాహ్నం కబురు అందిన కుర్రవాడు సాయంత్రానికి పెద్ద జట్టు చొక్కా తొడుక్కోగలడు.

నేను ఎవరెట్ వెళ్లింది 2023 వేసవిలో. మా అక్క కొడుకు అక్కడికి దగ్గరలో ఉద్యోగం చేస్తున్నాడు. "మావయ్యా, పెద్ద స్టేడియానికి తరువాత వెళ్దాం, ముందు ఇది చూడు, ఇక్కడైతే ఆటగాళ్లు చేతికి అందేంత దగ్గరలో ఉంటారు" అని వాడే తీసుకువెళ్లాడు. నిజంగానే అలా ఉంది. మా కుర్చీలకు పది అడుగుల దూరంలో ఒక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, చేయి కాచుకుంటున్నాడు. టీవీలో బంతి వేగం ఒక అంకెగా మాత్రమే కనబడుతుంది; అక్కడ మాత్రం బంతి, బ్యాటర్ వెనక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్ గ్లవ్ తోలుకు తగిలినప్పుడు, తడి బట్టను బండ మీద బలంగా ఉతికినట్లు శబ్దం వచ్చి ఛాతీలో తగులుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ప్రతి బంతి తరువాత ఎర్రమట్టిలో తన ముందు కాలు పడ్డ గుర్తును వంగి చూసుకుని, బూటుతో చెరిపి, మళ్లీ వేస్తున్నాడు. అతను గుర్తు చూసుకోకుండా రెండో బంతి వేయడం ఆ పావుగంటలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజు క్యాచర్‌గా ఆడినవాడు హ్యారీ ఫోర్డ్. 2021 డ్రాఫ్టులో క్లబ్బు 12వ ఎంపికగా తీసుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు. క్యాచర్లు ఆట పొడుగునా గొంతుక్కూర్చుని ఉంటారు కనుక మోకాళ్లు అరిగి నెమ్మదిగా పరిగెత్తుతారు. ఇతను అలా కాదు. నాలుగు చెడ్డ బంతులను కదలకుండా వదిలేసి, వాక్ అనే పద్ధతిలో మొదటి బేస్‌కు నడిచి వెళ్లి, రెండు బంతులు గడవకముందే పిచ్చర్ కళ్లుగప్పి పరుగెత్తి రెండో బేస్ స్టీల్ చేశాడు. ఆ ఏడాది ఎవరెట్‌లో అతను 103 వాక్‌లు సంపాదించి 24 బేస్‌లు స్టీల్ చేశాడు. కొట్టకూడని బంతిని వదిలేయడం ఎంత కష్టమో క్రికెట్ ఆడిన ప్రతివారికీ తెలుసు. ఇరవై ఏళ్లకే ఆ ఓర్పు ఉన్నవాడిని చూసి, ఊరికి తిరిగి వచ్చాక కూడా అతని స్కోరు వెతుక్కోవడం మొదలుపెట్టాను. నా నోటుపుస్తకంలో మొదటి పేజీ అతనిదే.

ఇంత శ్రద్ధ నాకు ఎందుకు పుట్టిందో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు ఉండిపోయింది. పెళ్లిళ్లు, పేరంటాలు, సంతలు అన్నీ కలిసే సాగుతాయి. ఆట మాత్రం విడిపోయింది. మహేంద్రతనయ నది ఇసుకలో కలిసి ఆడిన ఇద్దరు పిల్లల్లో ఒకడు ఒడిశా ఎంపికలకు, మరొకడు ఆంధ్ర ఎంపికలకు వెళ్లాలి. రెండు వైపుల నుంచి చూసినా మేము రాష్ట్రానికి చివరి కొసలో ఉన్నవాళ్లం. నేను లెక్కలు చెప్పిన బడిలో పదిహేనేళ్ల కిందట ఒక ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. చాలామంది పిల్లల్ని చూశాను కానీ, పాత బంతితో కూడా లోపలికి తిప్పగలిగినవాడిని వాడొక్కడినే చూశాను. ఒక ఎంపిక శిబిరానికి రాత్రి బస్సులో వాడిని నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఎండలో నాలుగు గంటలు నిలబెట్టి, ఆరు బంతులు వేయించి, పక్కకు వెళ్లమన్నారు. ఆ ఆరు బంతులు ఎక్కడ పడ్డాయో ఎవరూ రాసుకోలేదు. వాడి పేరు కూడా తప్పుగా రాశారు. ఎంపిక కాలేదన్న కాగితమైనా రాలేదు. మరుసటి ఏడాది వాడు మళ్లీ వెళ్లనన్నాడు. ఆ బాధ నాలో ఇప్పటికీ ఉంది, అందుకే ఎవరెట్‌లో నన్ను అన్నిటికంటే కదిలించింది స్కోరర్ల గది. రెండు మూడు వేల మంది వచ్చిన ఒక చిన్న ఆటలో ప్రతి బంతినీ రాసుకుంటున్నారు. ఆ రాతను సియాటిల్‌లో మరెవరో మర్నాడు కూర్చుని చదువుతారు.

జార్జ్ కర్బీ అనే పిచ్చర్ 2019లో డ్రాఫ్టు అయ్యి, ఆ వేసవి ఎవరెట్‌లోనే 23 ఇన్నింగ్స్ వేశాడు. 25 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు. వాక్ మాత్రం ఒక్కరికి కూడా ఇవ్వలేదు. అది గొప్ప లీగ్ కాదు, చూసినవాళ్లూ తక్కువే. కానీ ఆ సున్నా కాగితం మీద నిలిచి ఉంది. 2022లో అతను మేజర్ లీగ్‌కు వచ్చాక ఆ సున్నా అనుకోకుండా పడినది కాదని అందరికీ తెలిసింది. అతనితో పాటు లోగన్ గిల్బర్ట్, బ్రైస్ మిల్లర్, బ్రయాన్ వూ అనే మరో ముగ్గురు పిచ్చర్లూ ఈ నారుమడిలోనే పెరిగారు. వీళ్లలో వూ 2021 డ్రాఫ్టులో ఆరో రౌండులో వచ్చినవాడు, అదీ మోచేయికి శస్త్రచికిత్స జరిగిన చేతితో. ఎన్నో క్లబ్బులు దాటవేసిన ఆ చేతిని ఓపికగా పెంచినందుకు ఫలితం దక్కింది.

ఈ క్లబ్బులో నాకు అందరికంటే దగ్గరివాడు జూలియో రొడ్రిగెజ్. అతని ఊరు లోమా దె కాబ్రేరా. డొమినికన్ రిపబ్లిక్‌లో, హైతీ దేశపు సరిహద్దును ఆనుకుని ఉన్న జిల్లాలో ఉంది. అతను కూడా సరిహద్దు ఊరివాడేనని తెలిసిన క్షణంలో కలిగిన ఆత్మీయతను మా ప్రాంతంవాళ్లకు వేరే వివరించనక్కరలేదు. 2017లో పదహారేళ్ల వయసులో 17 లక్షల 50 వేల డాలర్లకు అతనితో ఒప్పందం కుదిరింది. 2019లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో ఆడుతుండగా బంతి తగిలి చేతి ఎముక విరిగింది. కోలుకుని తిరిగి వచ్చి, సీజన్ చివర మోడెస్టోలో 17 ఆటల్లో .462 సగటుతో కొట్టాడు. అంటే వంద అవకాశాల్లో 46 హిట్ల లెక్క. 30 దాటితేనే ఘనంగా చెప్పుకునే ఆట ఇది. 2020లో కరోనా వల్ల ఈ కింది మెట్ల జట్లు ఆడే మైనర్ లీగ్ సీజనే జరగలేదు, పైగా శిక్షణలో అతని మణికట్టు విరిగింది. 2021లో ఎవరెట్, ఆర్కాన్సా జట్లకు ఆడి, మధ్యలో టోక్యో ఒలింపిక్స్‌లో తన దేశానికి కాంస్యం తెచ్చి, 2022లో ట్రిపుల్ ఏ మెట్టు ఎక్కకుండానే సియాటిల్ సెంటర్ ఫీల్డులో నిలబడ్డాడు. ఆ ఏడాది 28 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), 25 స్టీల్స్‌తో, మేజర్ లీగ్‌లో ఒక సగమైన అమెరికన్ లీగ్‌కు ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2001 తరువాత ప్లేఆఫ్ ముఖం చూడని క్లబ్బు ఆ ఏడాదే మళ్లీ చూసింది.

జూలియో ఎముక విరిగిన ఆ చార్ల్‌స్టన్ మైదానానికి మన దేశంతోనూ చుట్టరికం ఉంది. ఉత్తరప్రదేశ్ పల్లె నుంచి వచ్చి, జావెలిన్ విసిరే చేతితో బేస్‌బాల్ నేర్చుకుని, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, 2012లో అదే వెస్ట్ వర్జీనియా పవర్ జట్టుకు పిచ్చర్‌గా ఆడాడు. అప్పట్లో ఆ జట్టు పైరేట్స్ నారుమడిలో భాగం. మోచేయి గాయం అతన్ని అక్కడి నుంచి పైకి పోనివ్వలేదు. బేస్‌బాల్ పేరైనా వినకుండా పెరిగినవాడు సింగిల్ ఏ దాకా ఎక్కాడంటే అది చిన్న సంగతి కాదు. ఆ జట్టు కథ కూడా విచారంగానే ముగిసింది. 2021లో మేజర్ లీగ్ అనుబంధ జట్లను 120కి కుదించినప్పుడు 40కి పైగా ఊళ్లు తమ స్థానం పోగొట్టుకున్నాయి. చార్ల్‌స్టన్ వాటిలో ఒకటి. ఖర్చు తగ్గింపు, మైదానాల ప్రమాణాలు అని కారణాలు చెప్పారు. ఆ కారణాలు నిజమే కావచ్చు. కానీ ఒక చిన్న ఊరికి, రేపు మహా ఆటగాడు కాబోయేవాడిని ఇవాళ పది అడుగుల దూరం నుంచి చూసే భాగ్యం పోవడం నష్టమేనని నేను గట్టిగా నమ్ముతాను. 2025 తరువాత మోడెస్టోకూ అదే గతి పట్టింది. మారినర్స్ సింగిల్ ఏ జట్టు శాన్ బెర్నార్డినోకు మారింది. బాదం తోటల ఊరు ఇప్పుడు ఏ క్లబ్బుకూ నారుమడి కాదు.

మెట్లు ఉన్నందువల్ల మరో మేలు ఉంది. కిందికి దిగినవాడు ఆటకు దూరం కాడు. క్యాచర్ కాల్ రాలీ 2018 డ్రాఫ్టులో మూడో రౌండువాడు. 2021 జూలైలో పెద్ద జట్టుకు వచ్చి ఆ ఏడాది .180 సగటుతో తడబడ్డాడు. 2022 ఏప్రిల్‌లో 24 అవకాశాల్లో రెండే హిట్లు కొట్టడంతో అతన్ని టకోమాకు పంపేశారు. మరొక క్యాచర్ గాయపడడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలిచారు, అదే ఏడాది 27 హోమ్ రన్లు కొట్టాడు. 2025లో అతను కొట్టినవి 60. క్యాచర్లలో ఎవరూ ఒక సీజన్లో అన్ని కొట్టలేదు. రెండు వైపులా నిలబడి కొట్టేవాళ్లలో మికీ మాంటిల్ 1961లో నెలకొల్పిన 54 రికార్డు కూడా చెదిరిపోయింది. అతను టకోమాకు దిగిన ఆ ఏప్రిల్ రోజున, ఇతని పని అయిపోయిందని ఎవరైనా గీత గీసి ఉంటే ఈ 60 ఎక్కడిది?

2025 దీపావళి మరునాడు, అక్టోబరు 21 ఉదయం అయిదున్నరకు, వీధిలో టపాసుల కాగితాలు మంచుకు తడిసి పడి ఉండగా, అమెరికన్ లీగ్ ఫైనల్లో టొరంటోతో మారినర్స్ ఏడో ఆట చూశాను. గెలిస్తే క్లబ్బు చరిత్రలో మొదటిసారి, విజేతను తేల్చే వరల్డ్ సిరీస్. మూడో ఇన్నింగ్స్‌లో జూలియో హోమ్ రన్ కొట్టాడు, అయిదో ఇన్నింగ్స్‌లో రాలీ కొట్టాడు. ఇద్దరూ మోడెస్టో మట్టి తొక్కినవాళ్లే. ఏడో ఇన్నింగ్స్‌లో టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి ఆటను 4-3గా తిప్పేశాడు. ఆ రోజు నేను టిఫిన్ తినలేకపోయాను.

ఇక 2025 సీజన్ ముగిసేనాటికి మడిలో ఉన్న నారు సంగతి. అందరికంటే ముందు చెప్పవలసినవాడు, రెండు, మూడు బేస్‌ల నడుమ కాపు కాసే షార్ట్‌స్టాప్ కోల్ట్ ఎమర్సన్. ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి హైస్కూలు నుంచి, 2023 డ్రాఫ్టులో 22వ ఎంపికగా, పద్దెనిమిది నిండకుండానే వచ్చాడు. 2025లో ఎవరెట్‌లో మొదలుపెట్టి, ఆర్కాన్సా మీదుగా టకోమా దాకా ఒకే ఏడాదిలో మూడు మెట్లు ఎక్కాడు. అతని బ్యాటులో నాకు నచ్చేది బలం కాదు, బంతిని ఆలస్యంగా, శరీరానికి దగ్గరగా రానిచ్చి కొట్టడం. తొందరపడి ముందుకు వెళ్లేవాడికి పై మెట్ల మీద మెలికలు తిరిగే బంతులు అందవు. 2025 డ్రాఫ్టులో మూడో ఎంపికగా తీసుకున్న ఎడమచేతి పిచ్చర్ కేడ్ ఆండర్సన్, ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్) విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలిపినవాడు. ఎడమచేతి బౌలర్ అంటే నాకున్న మమకారం పైన చెప్పాను కనుక, అతని కోసం పుస్తకంలో నాలుగు పేజీలు ముందే విడిచిపెట్టాను. క్యూబా కుర్రవాడు లజారో మోంటెస్ కొడితే బంతి చాలా దూరం పోతుంది, కానీ స్ట్రైకౌట్లు ఎక్కువ. అతన్ని ఇంకొక ఏడాది మడిలోనే ఉంచాలని నా అభిప్రాయం. కొలంబియా నుంచి వచ్చిన మైకేల్ అరోయో ఆకారంలో చిన్నవాడే అయినా భయం లేకుండా ప్లేట్ మీదికి వంగి నిలబడతాడు.

వీళ్లలో ఎందరు నిలుస్తారు? ఎక్కువమంది నిలవరు. అది దాచకూడని నిజం. డ్రాఫ్టు 20 రౌండ్లు. 30 క్లబ్బులు కలిపి ఏటా ఆరు వందల మందికి పైగా పిల్లలు అలా వస్తారు, ఒక్కో మేజర్ జట్టులో చోటు 26 మందికే. చాలాకాలం వీళ్ల జీతాలు సిగ్గుపడేంత తక్కువగా ఉండేవి. 2022లో వీళ్లు ఆటగాళ్ల సంఘంలో చేరాక, 2023లో కుదిరిన మొదటి ఒప్పందంతో ట్రిపుల్ ఏ కనీస వార్షిక జీతం 17,500 డాలర్ల నుంచి 35,800కు, సింగిల్ ఏలో 11,000 నుంచి 26,200కు పెరిగింది. పైకి వెళ్లలేకపోయినా ఆడిన కాలమంతా తిండికి, ఇంటి అద్దెకు వెతుక్కోకుండా బతకగలగడం ఏ కుర్రవాడికైనా దక్కవలసిన కనీస మర్యాద.

హ్యారీ ఫోర్డ్ సంగతి ఆపేశాను. అతను 2025 సెప్టెంబరులో పెద్ద జట్టుకు వచ్చాడు. ఏంజెల్స్‌తో ఆట 12వ ఇన్నింగ్స్‌దాకా సాగినప్పుడు, ఎత్తుగా లేపిన ఒక్క బంతితో గెలుపు పరుగు రప్పించాడు. ఆ ఉదయం నేను మా అక్క కొడుక్కి ఫోను చేసి లేపాను. అక్కడ అర్ధరాత్రి అని కూడా తోచలేదు. డిసెంబరులో క్లబ్బు అతన్ని వాషింగ్టన్ నేషనల్స్‌కు ఇచ్చి, హోసే ఫెరర్ అనే, ఆట మధ్యలో దిగే రిలీఫ్ పిచ్చర్‌ను తెచ్చుకుంది. 60 హోమ్ రన్లు కొట్టిన క్యాచర్ ఉన్నచోట మరో క్యాచర్‌కు చోటు లేదు, లెక్క సరైనదే. లెక్కలు చెప్పి బతికిన నాకు ఆ సంగతి అర్థమవుతుంది, అయినా చాలా రోజులు మనసుకు పట్టలేదు. వాషింగ్టన్‌లో ఆట ఉన్న రోజుల్లో మాకు తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. అలారం పెట్టుకుంటాను.

ఆరు బంతులు వేయించుకుని తిరిగి వచ్చిన నా శిష్యుడు ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. ఆదివారాలు నది ఒడ్డున పిల్లలకు బౌలింగ్ నేర్పిస్తాడు. పోయిన ఏడాది నా నోటుపుస్తకం చూసి, ఇలాంటిదే ఒకటి తనకూ కావాలన్నాడు. పేజీకి ఒక పిల్లవాడు, అడ్డంగా తేదీలు, నిలువుగా బంతులు, బంతి పడ్డ చోటుకు ఒక చుక్క. సంక్రాంతి తరువాతి ఆదివారం వెళ్లినప్పుడు పదకొండు పేజీలు నిండి ఉన్నాయి. వాటిలో నాలుగు వంతెన దాటి పాతపట్నం వైపు నుంచి వచ్చే పిల్లలవి. ఒక పేజీ పైన పేరు కొట్టివేసి మళ్లీ రాసి ఉంది. ఏమిటని అడిగితే, "మొదట తప్పు రాశానండి మాస్టారూ, వాడి చేతే సరిగ్గా రాయించాను" అన్నాడు.